పండుగప్ప మీద దాలమ్మ సవారీ

అనగనగా ఒక అడవిలో చెట్లన్నీ మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నిలబడి ఉండేవి. మడ అడవి అంటారే, అదన్నమాట. ఒక పక్క ఏరు, ఇంకో పక్క సముద్రం. ఆ రెండూ కలిసే చోటుని మొగ అంటారు. మొగ పక్కన ఒక ఇసుక దిబ్బ. ఆ దిబ్బ కింద ఒడ్డున కూర్చుని దాలమ్మ అనే బావురుపిల్లి చేపలు పట్టేది.

బావురుపిల్లి అంటే మీ వంటింట్లో పాలగిన్నె నాకే పిల్లి అనుకునేరు. కాదర్రా! ఒంటినిండా నల్ల మచ్చలు. వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పొర. నీళ్ళంటే భయమెరగని జాతి. అందులోనూ మన దాలమ్మ! ఆమె మీసం దువ్వితే మబ్బులు పక్కకి జరిగేవి. ఆమె తుమ్మితే అవతలి ఒడ్డున కొబ్బరికాయలు రాలేవి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా పళ్ళు రాలిపోవాలి. ఎందుకర్రా నవ్వుతారు? ఉన్న రెండూ గట్టిగానే ఉన్నాయి.

దాలమ్మ చేపలు పట్టే తీరే వేరు. నీటి అంచున కూర్చుంటుంది. పంజా కొసతో నీటిని మెల్లగా తడుతుంది. టప్... టప్... టప్... కింద ఉన్న చేప ఏ పురుగో పడిందనుకుని పైకి వస్తుంది. అంతే! మెరుపు కంటే ముందు పంజా పడుతుంది. మెరుపు వెనక్కి తిరిగి చూసి సిగ్గుపడుతుంది.

ఆ ఒడ్డుకి ఒక కట్టుబాటు ఉంది. చేపని ఎవరు పట్టినా ఒంటిచేత్తో పట్టాలి. అలా పట్టినవాళ్ళు దిబ్బెక్కి తమ పేరు గట్టిగా అరవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళంతా "భేష్!" అనాలి. ఇంకొకరు చెయ్యి వేశారా, ఇక ఆ చేపకి పేరు లేదు. భేషూ లేదు. అడక్కుండా సాయం పట్టడమైతే పెద్ద తప్పు. ఎదుటివాళ్ళని "నీకు చేతకాదు" అని తిట్టినట్టే లెక్క. అడిగి సాయం పట్టించుకున్నవాళ్ళు ఆ ఒడ్డున అప్పటిదాకా పుట్టలేదు.

ఆశ్వయుజం వెళ్ళనా వద్దా, కార్తీకం రానా వద్దా అని గుమ్మంలో తచ్చాడుతున్న రోజులవి. ఆకాశానికి మాట నిలకడ లేని కాలం. ఇప్పుడు ఎండ అంటుంది. అరగంటకి వాన అంటుంది. నువ్వు గొడుగు తీసేసరికి గాలి అంటుంది. ఆ కాలంలోనే పెద్ద పెద్ద పండుగప్ప చేపలు మొగ దగ్గరికి వస్తాయి. అన్నిటికంటే పెద్దది ఒకటి ఉండేది. దాని కన్ను తాటిపండంత. దాని పొలుసు అప్పడమంత. అది తోక విదిలిస్తే ఏరు కాసేపు ఎటు పారాలో మరిచిపోయేది.

ఒకరోజు పొద్దున్నే ఎర్రపీతలన్నీ బొరియలు వదిలేసి చెట్లెక్కడం మొదలుపెట్టాయి.

"ఎక్కడికర్రా ప్రయాణం?" అని అడిగింది దాలమ్మ.

"పైకి! ఇంకా పైకి!" అంది ఒక ముసలి పీత. "తుపాను వస్తోందమ్మా. రేపటికల్లా సముద్రం అడవిలోకి వస్తుంది. అది వచ్చి, ఉండి, పోయేదాకా ఎవరికీ చేప తోక కూడా దొరకదు. తినేదేదో ఇవాళే చూసుకోండి."

దాలమ్మ తలెత్తి అడవివైపు చూసింది. ఎత్తైన చెట్టు తొర్రలో ఆమె పిల్లలిద్దరు ఉన్నారు. ముందురోజు ముసురులో ఏమీ దొరకలేదు. పిల్లలు ఆకలితోనే పడుకున్నారు. ఇవాళ కూడా దొరక్కపోతే, తుపాను వెళ్ళేదాకా ఆ చిన్న ప్రాణాలు ఆగవు.

అయినా దాలమ్మ దాలమ్మే కదా! భయం వేస్తే ఆమెకి గొంతు పెరుగుతుంది. దిబ్బెక్కి తోక నిలబెట్టి అరిచింది.

"వినండర్రా! ఇవాళ నేను చిల్లర చేపల జోలికి పోను! మొగలో తిరిగే ఆ పెద్ద పండుగప్పనే పడతాను! ఒంటిచేత్తో! తుపాను వెళ్ళేదాకా నా పిల్లలు కూర్చుని తింటారు!"

దిబ్బ మీద తవిటయ్య అనే నక్క ఒళ్ళు విరుచుకుంటున్నాడు. చేపలు పట్టడం అతనికి రాదు. ఈత అసలే రాదు. వచ్చిందల్లా వెక్కిరింపు. ఒడ్డున మిగిలిన తలా తోకా తిని బతికేవాడు.

"వదినా, మెల్లగా!" అన్నాడు తవిటయ్య. "నీ గొప్పలు వింటే ఆ పండుగప్ప చెవులు మూసుకుని పారిపోతుంది."

"చేపకి చెవులెక్కడివిరా మరిదీ?"

"అందుకే ఇంకా ఇక్కడే ఉంది."

దాలమ్మ అతనికేసి ఒక చూపు చూసింది. ఆ చూపుకి ఇసుకలో పొగ లేచింది. తవిటయ్య తోక కింద వేసుకుని కూర్చున్నాడు.

మొదట ఎండ కాసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. దాలమ్మ అంచున కూర్చుని టప్... టప్... అని తట్టింది. జానెడు చేప ఒకటి వచ్చింది. పంజా పడింది. చేప చిక్కింది.

దాలమ్మ దాన్ని ఎత్తి చూసి మూతి విరిచింది. "నువ్వా? పో! వెళ్ళి మీ అమ్మని పంపు!" అని నీళ్ళలోకి విసిరేసింది.

పక్కన ఒంటికాలి మీద సన్యాసి అనే ముసలి కొంగ నిలబడి ఉన్నాడు. ఆ ఒడ్డున అందరికీ బాబాయే.

"అమ్మాయ్ దాలమ్మా," అన్నాడాయన, "చిన్నదైనా పిల్లలకి రెండు ముద్దలయ్యేది కదే."

"దిబ్బెక్కి అంత మాట అన్నాక జానెడు చేపతో దిగమంటావా బాబాయ్? నువ్వు రెండో కాలు కూడా దించి పడుకో."

తర్వాత వాన పడింది. అది వానా? ఆకాశం బోర్లా పడింది! నీళ్ళ మీద ఎక్కడ చూసినా టప్ టప్ టప్ టప్. దాలమ్మకి ఒకటే పంజా. వానకి కోటి పంజాలు. ఏది పురుగో, ఏది చినుకో, ఏది దాలమ్మో చేపలకి తెలియలేదు. ఒక్కటీ పైకి రాలేదు.

అప్పుడు ఎర్రయ్య అనే నీటికుక్క నీళ్ళలోంచి తల పైకెత్తాడు. ఈతలో అతన్ని మించినవాడు లేడు. అతను మునిగి తేలేలోగా ఒంటి తడి అతన్ని వెతుక్కుంటూ వెనకాల వచ్చేది.

"అక్కా," అన్నాడు ఎర్రయ్య, "పండుగప్ప లోతులో ఉంది. నేను అటునుంచి తరుముకొస్తాను. నువ్వు ఇటు కాచుకో."

"తర్వాత పేరెవరిదిరా?"

"ఎవరికీ ఉండదు. చేప మాత్రం ఉంటుంది."

"పేరు లేని చేపకి రుచుండదు ఎర్రయ్యా. పో, నీ పని చూసుకో."

ఎర్రయ్య బుడగలు వదులుతూ మునిగిపోయాడు.

ఇక మూడో వంతుగా గాలి వచ్చింది. తూర్పుగాలి! చెట్ల జుట్టు పట్టుకుని వంచింది. నీళ్ళు బురదరంగుకి తిరిగాయి. అలలు దిబ్బ మీదికి ఎగబాకాయి. ఆ కలక నీళ్ళలో, ఆ అలల కింద, ఏదో వెండి గోడ లాంటిది ఒడ్డువైపు జరిగింది. చిన్న చేపలన్నీ గాల్లోకి ఎగిరి, అక్కడే కాసేపు ఆగిపోయాయి. కిందికి రావడానికి భయం మరి!

పెద్ద పండుగప్ప వచ్చింది.

దాలమ్మ తట్టలేదు. ఆగలేదు. ఒక్క దూకు దూకింది! ఎంత దూరం దూకిందంటే, దారిలో ఆమెకి ఒకసారి ఆకలి వేసింది. పోయి పోయి పండుగప్ప వీపు మీద పడింది. నాలుగు పంజాలూ దింపింది. పండుగప్ప సర్రున లేచి నీటి మీద పరుగెత్తింది. పైన దాలమ్మ! గుర్రం మీద రాజులా కాదు, ఏనుగు మీద రాజులా కాదు, ఉరుము మీద రాణిలా వెళ్ళింది! మొగకి మూడు చుట్లు చుట్టింది. గాలి కూడా ఆగి చూసి, పని గుర్తొచ్చి మళ్ళీ వీచింది.

"భేష్! భేష్!" అని ఒడ్డంతా అరిచింది.

దాలమ్మ చేపని ఒడ్డుకి లాగింది. చీలమండ లోతుకి తెచ్చింది. ఇంతలో అల వెనక్కి తీసింది. అలతో పాటు చేప, చేపతో పాటు దాలమ్మ మళ్ళీ లోతులోకి వెళ్ళిపోయారు.

మళ్ళీ లాగింది. ఈసారి మోకాలి లోతు దాకా వచ్చింది. మళ్ళీ అల వెనక్కి తీసింది.

ఇంకోసారి లాగింది. ఈసారి మెడ లోతు దాటి రాలేకపోయింది. అసలు చిక్కేమిటంటే, నీళ్ళలో ఉన్న దాలమ్మకి వచ్చే అల కనబడటం లేదు. అల వెనక్కి పోయేటప్పుడు ముందుకి లాగుతోంది. అల ముందుకి వచ్చేటప్పుడు అలసి ఆగుతోంది. ఉన్న బలమంతా సముద్రంతో కుస్తీకే సరిపోతోంది.

ఒడ్డున అందరూ చూస్తున్నారు. ఒడ్డెక్కి చూస్తున్న ఎర్రయ్య కాళ్ళు నీళ్ళవైపు వెళ్ళబోయి ఆగాయి. అడగలేదుగా! అడక్కుండా చెయ్యి వేస్తే దాలమ్మకి ఎంత అవమానం! సన్యాసి బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత గొప్పగా మునిగిపోతోందో చూడరా ఎర్రయ్యా," అన్నాడు.

"మన మర్యాద కూడా తక్కువేం కాదు బాబాయ్," అన్నాడు ఎర్రయ్య.

పండుగప్ప ఒక్కసారి కిందికి దిగింది. దాలమ్మ నోట్లోకి ఉప్పునీళ్ళు వెళ్ళాయి. చుట్టూ పచ్చటి చీకటి. చేపని వదిలేస్తే ఆమె బతుకుతుంది, పిల్లలకి తిండి ఉండదు. వదలకపోతే పిల్లలకి తల్లే ఉండదు. మూడో దారి ఒకటుంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే ఇంత పేరున్న దాలమ్మకి పేరుండదు.

తొర్రలో పిల్లలు కళ్ళముందు మెదిలారు. దాలమ్మ పైకి తేలింది. ఊపిరి పీల్చింది. ఆ ఊపిరికి ఒడ్డున ఎండుటాకులన్నీ ఆమె వైపు కొట్టుకొచ్చాయి. అప్పుడు అరిచింది.

"సాయం పట్టండర్రా!"

ఒడ్డున అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమంది?" అన్నాడు సన్యాసి.

"వదినా!" అని అరిచాడు తవిటయ్య. "సరిగ్గా ఆలోచించుకో! పేరు పోతుంది!"

"పోనీరా! పేరు వండిపెడితే నా పిల్లల కడుపు నిండుతుందా? ఎర్రయ్యా! లోతు దారి మూసెయ్! బాబాయ్! నీ రెక్కలతో ఒడ్డున నీడ పట్టు! మరిదీ, రా!"

"నాకు ఈత రాదు కదే! నేనేం చెయ్యను?"

"నోరుంది కదరా! ఇన్నాళ్ళూ నన్ను అనడానికే వాడావు! దిబ్బ చివరకెక్కు! పెద్ద అల ఎప్పుడొస్తుందో చూసి చెప్పు! నాకిక్కడ కనబడి చావట్లేదు!"

ఆ ఒడ్డున అప్పటిదాకా తవిటయ్యని సాయం అడిగినవాళ్ళు ఎవరూ లేరు. తర్వాత చూడాలి అతని పరుగు! దిబ్బెక్కేసరికి అతని నీడ ఇంకా కిందే ఉంది.

ఎర్రయ్య బాణంలా వెళ్ళి పండుగప్ప తోక వెనక చేరాడు. అది లోతుకి తిరిగినప్పుడల్లా తోక కొరికాడు. కుడికి తిరిగితే కుడివైపు ఎర్రయ్య. ఎడమకి తిరిగితే ఎడమవైపు ఎర్రయ్య. ఒకే సమయంలో రెండు వైపులా ఉన్నాడని పీతలు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాయి.

అంతలో ఆకాశం మళ్ళీ మాట మార్చింది. మబ్బు చీలి ఎండ పడింది. సన్యాసి బాబాయ్ రెక్కలు విప్పాడు. ముసలి రెక్కలే కానీ, విప్పితే పందిరేసినట్టు ఉంది. రెక్కల కింద నీళ్ళ మీద నల్లటి నీడ పరుచుకుంది. పండుగప్పకి వెనక కొరుకుడు, ముందు చల్లటి నీడ. అక్కడేదో చెట్టువేళ్ళ చాటు ఉందనుకుని నీడవైపే దూరింది.

దిబ్బ మీద తవిటయ్య కాళ్ళు గట్టిగా ఊని నిలబడ్డాడు.

"లాగకు వదినా! వెనక్కి తీస్తోంది! ఊరికే పట్టుకుని ఉండు!"

దాలమ్మ పట్టుకుని ఉంది.

"ఈ అల చిన్నది! వదిలెయ్! దీని వెనకది కూడా కాదు!"

దాలమ్మ పళ్ళు బిగించింది. "ఇంకెప్పుడురా? సంక్రాంతికా?"

"వస్తోంది! వస్తోంది! అమ్మబాబోయ్, అది అలా, కొండా? లాగు వదినా! ఇప్పుడే! హైలెస్సా!"

"హైలెస్సా!" అంది ఒడ్డు.

దాలమ్మ లాగింది. ఎర్రయ్య నెట్టాడు. అల వచ్చింది. ఆ అల ఎంత ఎత్తుందంటే, దాని మీద వెళ్తున్న పండుగప్పకి చెట్ల మీది పీతలు కింద కనబడ్డాయి. అల దాలమ్మనీ, చేపనీ, ఎర్రయ్యనీ, అడ్డంగా ఉన్న సన్యాసి బాబాయినీ కలిపి ఎత్తి దిబ్బ మీద దభీమని పడేసింది. తనొక్కతే వెనక్కి వెళ్ళిపోయింది.

ఇసుక మీద పండుగప్ప! తల ఒక చివర, తోక ఇంకో చివర. మధ్యలో ఏముందో చూడాలంటే నడిచి వెళ్ళాలి.

ఎవరూ "భేష్" అనలేదు. అనాలో వద్దో తెలియలేదు. ఇలాంటి చేప ఆ ఒడ్డుకి కొత్త.

"ఇప్పుడు ఎవరి పేరు అరవాలి?" అన్నాడు తవిటయ్య. "కట్టుబాటు ప్రకారం దీనికి పేరు లేదు కదా."

దాలమ్మ లేచింది. ఒళ్ళు విదిలించింది. ఆ విదిలింపుకి దిబ్బ మీద ఇంకోసారి వాన కురిసింది. ఒక చెవి చిరిగింది. ఒక గోరు ఊడింది. అయినా తోక నిలబెట్టి దిబ్బ చివరకెక్కింది. గొంతు సవరించుకుంది.

"వినండర్రా! దీన్ని తరిమింది ఎర్రయ్య! దీనికి నీడ పట్టింది సన్యాసి బాబాయ్! దీనికి అల చెప్పింది నా మరిది తవిటయ్య! దీని మీద సవారీ చేసింది ఈ దాలమ్మ! మేము నలుగురం! మాలాంటి నలుగురు ఈ ఏడు సముద్రాల్లో ఎక్కడైనా ఉంటే రమ్మనండి, చూస్తాను!"

పిల్లలూ, గమనించారా? దాలమ్మ గొప్పలు చెప్పుకోవడం మానలేదు. మానాలని ఎవరన్నారు? నాలుగింతలు పెంచింది! చెట్ల మీది పీతలు డెక్కలు ఎత్తి టకటకా కొట్టాయి. "భేష్!" అన్న అరుపుకి తుపాను కూడా దారి మధ్యలో ఆగి, కాసేపాగి వెళ్దామా అని ఆలోచించింది.

అందరూ కలిసి చేపని ఎత్తైన చెట్టు పైకొమ్మల దాకా ఈడ్చుకెళ్ళారు. పిల్లలు తొర్రలోంచి ముక్కులు బయటపెట్టారు.

"అమ్మా, ఇదంతా మనకేనా?" అంది పెద్ద పిల్ల.

"మనందరికీ," అంది దాలమ్మ. "ముందు మీరు తినండి. ఒరే మరిదీ, ఇవాళ తలా తోకా కాదు, నువ్వు నడుం దగ్గర కూర్చో."

తవిటయ్య వెక్కిరింపు పక్కనపెట్టి నడుం దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు తుపాను వచ్చింది. చెట్లు ఊగాయి. సముద్రం అడవిలోకి వచ్చి ప్రతి కొమ్మనీ పలకరించి వెళ్ళింది. తొర్రలో పిల్లలు తిన్నారు, నిద్రపోయారు, లేచి మళ్ళీ తిన్నారు. వాళ్ళ పొట్టలు గుండ్రంగా అయ్యాయి. ఒకరు దొర్లితే రెండోవారు కూడా దొర్లేవారు.

తుపాను వెళ్ళాక ఎండ కాసింది. సన్యాసి బాబాయ్ మళ్ళీ నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డాడు. కాసేపటికి ముక్కు చివర ఒక చేప చిక్కింది. వేలెడంత చేప. గుటుక్కున మింగేస్తే అయిపోయేది. ఆయన మింగలేదు. దాన్ని రెండో కాలి కింద మెల్లగా అదిమిపెట్టి, అటూ ఇటూ చూసి, గొంతెత్తి అరిచాడు.

"సాయం పట్టండర్రా!"

ఒడ్డంతా పరుగెత్తుకొచ్చింది.

నీతి: చేతిలో పని జారిపోతుంటే సాయం అడగడం చిన్నతనం కాదు, పేరు పోతుందని నోరు మూసుకోవడమే చిన్నతనం.